నీళ్లు అలవాటైన వాళ్లు

ఇన్నాళ్లూ నా మాట ఎవరూ పట్టించుకోలేదు. సమావేశాల్లో చెప్పాను. ఫోనులో చెప్పాను. తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి చేతికిచ్చాను. మా సంస్థ కమిటీలో ఒకాయన తల ఊపుతూనే ఆ కాగితం మీద టీ కప్పు పెట్టుకున్నాడు. మరక ఏ మూల పడిందో కూడా నాకు గుర్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అచ్చయిన దాని మీద కూడా కప్పు పెట్టుకోవచ్చు గానీ, ఈలోగా నలుగురైనా చదువుతారు.

నాది నూజివీడు. బస్సు డిపోలో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. వెళ్లిన బస్సు వేళకు తిరిగొచ్చిందా లేదా అన్నది చూసుకోవడమే నా ఉద్యోగం. రావలసిన బండి రాకపోతే నాకు అన్నం సహించేది కాదు. రిటైరయ్యాక ఒక చిన్న సేవాసంస్థ వాళ్లు పిలిచారు. వరదలొచ్చినా జ్వరాలు ముసిరినా పల్లెలకు బియ్యం, మందులు పట్టుకెళ్లే సంస్థ. అలా వెళ్లినవాళ్లు క్షేమంగా ఇల్లు చేరేలా చూడడం నా బాధ్యతన్నారు. దానికి సెక్యూరిటీ మేనేజ్‌మెంట్ అని పెద్ద పేరుంది. మా వీధిలో ఒకాయనకు ఆ మాట చెబితే, "ఏ అపార్ట్‌మెంటుకండీ? నైట్ డ్యూటీయా? విజిలు వాళ్లే ఇస్తారా, మనం కొనుక్కోవాలా?" అని అడిగాడు. ఆయనతో నేను ఇప్పటికీ మాట్లాడను.

మా ఆఫీసు మామిడికాయల షెడ్డు వెనక ఒక అద్దె గది. కోతల కాలంలో సొన వాసన, గడ్డి వాసన కలిసి తలనొప్పి తెప్పించేవి. తక్కిన ఏడాదంతా ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు కిటికీకి అడ్డంగా పేర్చి ఉండేవి. మొదటి సమావేశంలో నా నియమాలు చెప్పాను. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో చెప్పకుండా కదలకూడదు. ఊళ్లోకి వెళ్లగానే బండిని తిరుగుదారి వైపు ముఖం పెట్టి ఆపాలి. ఎందుకొచ్చామో ఊరివాళ్లకు చెప్పకుండా సంచి విప్పకూడదు. వాన పడుతూ, దారిలో వాగు ఉంటే, పని సగంలో ఉన్నా సరే లేచి వచ్చేయాలి. నేను చెబుతున్నంతసేపూ మా కోఆర్డినేటర్ ఫోను చూసుకుంటూనే ఉన్నాడు.

అతను మా సంస్థ పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన కుర్రాడు. చెడ్డవాడు కాదు. నన్ను "అంకుల్" అనేవాడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ నన్ను అలా పిలిచినవాళ్లు లేరు. అతనితోపాటు బండికి ఒక డ్రైవరు, మందులకు ఒక నర్సు. నర్సుది చింతలపూడి. చంటిబిడ్డ తల్లి. పిలిచిన రోజున బిడ్డను అత్తగారికి అప్పజెప్పి బస్సెక్కి వచ్చేది. సంస్థ లెక్కలో ఆమె ఉద్యోగి కాదు, వాలంటీరు. డ్రైవరూ అంతే, నేనూ అంతే.

ఒక వానాకాలం ముందు పెద్ద ఆఫీసు నుంచి నారింజరంగు లైఫ్ జాకెట్లు వచ్చాయి. అక్కడి నుంచి వచ్చే ఉద్యోగులకు మాత్రమే. వాళ్లకు బీమా కూడా ఉంది. మా సంగతేమిటని అడిగాను.

"మీరు ఇక్కడివాళ్లే కదా అంకుల్. మీకు నీళ్లు అలవాటే కదా," అన్నాడు కోఆర్డినేటర్.

ఆ మాట నేను మర్చిపోలేదు. ఉంగుటూరు వాళ్లతో అంటే కొంత అర్థముంది. వాళ్లకు కాలవలున్నాయి, పిల్లలు నడక వచ్చేసరికే నీళ్లలో పడతారు. మాది మెట్ట. ఎర్రనేల, మామిడితోటలు. వాన కురిసినంతసేపే వాగులో నీళ్లు, ఆ తర్వాత ఇసుక. మాలో ఈత వచ్చినవాళ్లు ఎక్కడో గానీ ఉండరు. ఆ సంగతి చెప్పాను. "నోటెడ్ అంకుల్," అన్నాడు.

అదే వానాకాలంలో చాట్రాయి అవతల తోటల మధ్య ఉన్న ఒక పల్లెకు వెళ్లాం. తోటల్లో కూలికి పోయే కుటుంబాలు. నాలుగు రోజులుగా ముసురు, గుడిసెల్లోకి నీరు, ఇంటింటా జ్వరం. పల్లెకు ముందు వాగు మీద చప్టా ఉంది. వెళ్లేటప్పుడు దాని మీద నీళ్లు చెప్పు తడిసేంత. చర్చి వరండాలో నర్సు మందులిచ్చింది, మేం బియ్యం పంచాం. పని తొందరగానే తెమిలింది. వాన జోరందుకుంటోంది, బయల్దేరుదామని అన్నాను. నాకు ముందే డ్రైవరు బండి ఎక్కాడు కూడా.

అప్పుడొచ్చింది ఆ పక్క తోటకు కాపలా ఉండే ఆవిడ. పెద్ద వయసు, నెత్తి మీద ఎరువుల సంచి గొంగళిలా కప్పుకుని ఉంది. అన్నం వండానంది, తిని వెళ్లమంది.

"వాన పెరుగుతోందమ్మా, ఇంకోసారి తింటాం," అన్నాను.

"ఇంకోసారి ఎందుకు వస్తారులెండి. మా ఇంట్లో తినకుండా పోవడానికి వానొకటి దొరికింది మీకు. పోనీలెండి, మాకు అలవాటే."

ఆవిడ కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. కోఆర్డినేటర్ ముఖం ఎర్రబడింది. అతను చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. నర్సు నా వైపు చూసి తనూ నడిచింది. కూలివాళ్ల ఇంట్లో అన్నం వద్దని లేచిపోయామంటే, ఆ పల్లెలో మళ్లీ మాతో ఎవరూ మనసు విప్పి మాట్లాడరు. మనతో మాట్లాడని ఊళ్లో మనకు రక్షణ లేదు. అది నేను నేర్పిన పాఠమే. వాగుంటే లేచి రావాలన్నదీ నేను నేర్పిన పాఠమే. రెండూ ఒకేసారి ఎదురైతే ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పలేదు. సంస్థను అడిగితే ఇంతవరకూ జవాబు లేదు.

మామిడి ఒరుగులు వేసిన పప్పు, వేడన్నం. ఇంట్లో ఒక మూల నీళ్లు కారుతున్నాయి, అక్కడ గిన్నె పెట్టింది. తన మంచం మీది దుప్పటి మడిచి మాకు కూర్చోవడానికి వేసింది. "బాబు గారు గడియారం చూసుకుంటూ తింటున్నారు, ముద్ద గొంతులో పడుతుంది చూసుకోండి," అని నన్ను ఎగతాళి చేసింది. పప్పు బాగుంది. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

మేం తిరిగొచ్చేసరికి చప్టా లేదు. అంటే కనిపించడం లేదు. నేను పుట్టి పెరిగింది ఈ చుట్టుపక్కలే, అయినా అలాంటిది చూడలేదు. పై మెట్టల్లో పడిన వానంతా ఒకేసారి ఆ దారికి వచ్చినట్టుంది. ఎర్రటి నీళ్లు తోటలోకి ఎక్కి, చెట్ల మధ్య వరసల్లోంచి నడుస్తున్నాయి. కొమ్మలు అటూ ఇటూ ఊగుతున్నాయి, గాలికి కాదు. వేళ్లతో పెళ్లగిలిన సరుగుడు చెట్టు ఒకటి నిటారుగా లేచి, ఒక్క క్షణం నిలబడి, మళ్లీ మునిగింది. చప్పుడు చెవులతో వినేది కాదు, అరికాళ్లలో తెలిసేది. అది ఉత్త భయం కాదు. పెద్ద చర్చిలో, పెద్ద కోవెలలో తల దానంతటది వంగుతుంది చూడండి, అలా వంగింది నాకు.

కోఆర్డినేటర్ జాకెట్ తొడుక్కుని ఉన్నాడు. "ఇది పెద్ద బండి అంకుల్. ఇప్పుడైతే దాటేయొచ్చు, ఇంకాసేపుంటే దాటలేం," అన్నాడు.

"పోనివ్వమంటే పోనిస్తాను సార్. నాకు ఈత రాదు. అదొక్కటి చెప్పి పోనిస్తాను," అన్నాడు డ్రైవరు.

నర్సు నా చెయ్యి పట్టుకుంది. "పోదామండీ బాబాయ్ గారూ. బాబు పొద్దున్నుంచి డబ్బాపాల మీదున్నాడు."

నేను దిగి బండి ముందు నిలబడ్డాను. కోఆర్డినేటర్ తప్పుకోమన్నాడు. "ఆయన తప్పుకోరు సార్. డిపోలో బస్సుకే తప్పుకోలేదంటారు," అన్నాడు డ్రైవరు, ఇంజను ఆపేస్తూ. తప్పుకోలేదు, నిజమే. అది వేరే కథ, దాని మీద కూడా నాకు రావలసిన జవాబు ఒకటి ఉంది.

ఇంతలో నర్సు బండి దిగి చప్టా వైపు నడవసాగింది. అంచు పట్టుకుని నడిచి వెళ్లిపోతానంది. నేను పిలిస్తే ఆగలేదు.

ఆపింది ఆ పల్లెవాళ్లు. ఆడా మగా పదిమంది దాకా తోటలోంచి వచ్చారు, చేతుల్లో మామిడికాయలు కోసే చిక్కం గడలు. పొడుగాటి వెదురు గడలు, చివర వలసంచి. వాటిని దారికడ్డంగా పట్టుకుని ఆమె ముందు నిలబడ్డారు. మాకు అన్నం పెట్టిన ఆవిడ అందరికంటే ముందుంది.

"ఎక్కడికమ్మాయ్?"

"వెళ్లనివ్వు పిన్నీ, చంటిబిడ్డ ఉన్నాడు నాకు."

"నర్సు గారు ఇక్కడివాళ్లేనమ్మా, వాగు అలవాటే," అన్నాడు కోఆర్డినేటర్ వెనక నుంచి. పాపం, సాయం చేద్దామనే అన్నాడు.

ఆవిడ అతని వైపు తిరిగింది. "మా ఇంటాయనకి ఇంకా అలవాటు బాబూ. కిందటేడు మేకని తోలుకొస్తానని ఇదిగో ఇక్కడే దిగాడు. మేక వచ్చింది."

నర్సు వెనక్కి వచ్చి బండి మెట్టు మీద కూర్చుంది.

తర్వాత వాళ్లు చేసిన పని నేను బతికున్నంతకాలం మర్చిపోను. ఇంతవరకూ నాకు జరిగిన అవమానాలే మర్చిపోలేదు, ఇదెలా మర్చిపోతాను. కోతలప్పుడు చెట్టెక్కినవాడు కిందివాళ్లకు కనిపించడు, ఆకు అంత దట్టం. అందుకని కింద నుంచి "ఉన్నావా" అంటారు, పై నుంచి "ఉన్నా" అంటాడు. పలక్కపోతే తోటలో పనంతా ఆగుతుంది, అందరూ ఆ చెట్టు కిందికి పరుగెత్తుతారు. వాళ్లు ఆ పద్ధతినే వాగు వెంట పెట్టారు. పై మలుపు దాకా చెట్టుకొకరు చొప్పున నిలబడ్డారు. మలుపు దగ్గరున్నవాడు నీళ్లు చూసి "పెరుగుతోంది" అంటే, ఆ మాట చెట్టు నుంచి చెట్టుకు అందుకుంటూ మా దాకా వచ్చేది. మాట వచ్చిన కాసేపటికి నీళ్లు వచ్చేవి. దిగువన ఆడవాళ్లు బండి వెనక్కి తీయించేవారు. మధ్యమధ్యలో "ఉన్నావా", "ఉన్నా". వాన తెరలా పడుతోంది, మనుషులు కనిపించడం లేదు, ఆ పిలుపు మాత్రం తోటంతా నడుస్తోంది. ఒక ఆడగొంతు, ఒక ముసలి గొంతు, మళ్లీ ఒక ఆడగొంతు. ఒకసారి ఎవరో "ఉన్నా, జలుబుతో ఉన్నా" అంటే వరసంతా నవ్వు పాకింది.

వాళ్ల ఇళ్లలో నీళ్లున్నాయి. వాళ్ల పిల్లలకు జ్వరం. మేం నలుగురం ఎవరం వాళ్లకు? డిపోలో నేను బస్సు కోసం ఎదురుచూసినప్పుడు నా మీద ఫ్యాను తిరిగేది. వీళ్లు తడుస్తూ నిలబడి, వచ్చినవాళ్లు పోకుండా కాపలా కాస్తున్నారు. మా పని వీళ్లను కాపాడడమని ఆఫీసు గోడ మీద రాసి ఉంది. నాకు బండిలో కూర్చోబుద్ధి కాలేదు. నేనూ వెళ్లి ఒక చెట్టు కింద నిలబడ్డాను. నాకు అవతల ఉన్న కుర్రది, "తాతా, గట్టిగా అనాలి, వినపడలా," అంది. గట్టిగా అన్నాను.

చీకటిపడే వేళకు "తగ్గుతోంది" అన్న మాట మొదటిసారి వచ్చింది. అయినా పొద్దున్నదాకా మమ్మల్ని వదిలేది లేదన్నారు. ఆ సాయంత్రం జ్వరంతో ఒళ్లు తెలియకుండా ఉన్న ఒక తల్లి బిడ్డకు మా నర్సు పాలిచ్చింది. నేను అటు తిరిగి కూర్చున్నాను.

తెల్లారాక చప్టా బయటపడింది, బురదతో, ఒక పక్క విరిగి. బండి దాటదని మమ్మల్ని నడిపించి దాటించారు, ఇటొకరు అటొకరు గడలు పట్టుకుని. కోఆర్డినేటర్ తన జాకెట్ విప్పి నర్సుకు తొడిగాడు. అందుకే అతను చెడ్డవాడు కాదన్నాను. అవతలి ఒడ్డు ఎక్కాక ఆమె దాన్ని విప్పి తిరిగి ఇచ్చేసింది, అది ఆఫీసుదని.

ఆ తర్వాత సంగతి చెబుతాను. పెద్ద ఆఫీసుకు పోయిన సమాచారం, ఏ సంఘటనా జరగలేదని. ఎవరూ పోలేదు కాబట్టి ఏమీ జరగనట్టేనట. సంస్థ సభలో శాలువాలు కప్పారు, ఆ రోజు వాగును చూడనివాళ్లకు కూడా. పల్లెవాళ్లను పిలవలేదు. నర్సు వచ్చింది, చివరి వరసలో కూర్చుంది. డ్రైవరుకు కుర్చీ లేదు. నా సంగతి వదిలేయండి. వదిలేయమన్నాను గానీ, నేను వదల్లేదు.

ఆమె ఇప్పటికీ వెళ్తోంది. పిలిస్తే వస్తుంది, కాదనదు. జాకెట్ లేదు, బీమా లేదు. ఏమన్నా అయితే ఆ చంటివాడికి ఏ ఆఫీసూ జవాబుదారీ కాదు. వాలంటీర్లు తమ పద్దు కిందికి రారని కమిటీలో ఒకరు, నిధుల నిబంధనలని ఇంకొకరు, చూద్దామని మరొకరు అన్నారు. మామిడి కోతలు అయిపోయాయి, షెడ్డు ఖాళీ అయింది, పడమట మబ్బు పడుతోంది. రేపో ఎల్లుండో ఆమెకు ఫోను వెళ్తుంది.

కమిటీవారికి నా ప్రశ్న ఒక్కటే. ఆమె మీ మనిషా, కాదా? అయితే, మీ మనుషులకు ఇచ్చినవన్నీ ఆమెకు ఇవ్వండి. కాదంటే, ఆ మాట నాతో కాదు, ఆమె ముఖం మీద చెప్పండి, ఆ ఫోను చేయకముందే. చూద్దామన్నది జవాబు కాదు. నోటెడ్ అన్నదీ కాదు. ఔనో కాదో ఒక్క మాట, పేరు పెట్టి, సంతకం పెట్టి, ఎవరో ఒకరు చెప్పండి.