రొయ్యలు ఒలిచిన చేతులు

మా మేనత్త పోయిందని కొత్తపట్నం నుంచి ఫోనొచ్చేసరికి నేను ప్రత్తిపాడులో మిరపకాయల కల్లంలో ఉన్నాను. గుండె ఆగిందట. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

కొత్తపట్నం వైపు రొయ్యల ఫ్యాక్టరీలు పెట్టిన కొత్తలో ఆవిడ పొలం పని మాని తలలు తీసే పనిలో చేరింది. నన్నూ మా ఊరి నుంచి పిలిపించుకుని పక్కన నిలబెట్టుకుంది. మొదటి రోజు ల్యాబాయన మాకు పాఠం చెప్పాడు. రొయ్య చచ్చినా దాని తలలో ఎంజైములు చావవట. తిండి అరిగించే ఆ రసం చివరికి సొంత కండనే అరిగిస్తుందట. ఐసు మీద ఉండగానే తల తీసెయ్యకపోతే కండ మెత్తబడి సరుకు తిరిగొస్తుందట. అన్నీ చెప్పాడు మహానుభావుడు. ఆ రసం మా వేళ్లనేం చేస్తుందో మాత్రం చెప్పలేదు.

వారం తిరక్కుండానే తెలిసింది. వేళ్ల చివర తోలు పొరలుపొరలుగా ఊడొచ్చేది. పచ్చడి లేనిదే ముద్ద దిగని మా అత్త, మంటకు తట్టుకోలేక అన్నం చెంచాతో తినడం మొదలుపెట్టింది. చుట్టాలు దొరసాని అని ఎగతాళి చేస్తే తనూ నవ్వేసేది. నాకు ఒళ్లు మండిపోయేది. పెద్ద తలల రొయ్యలు నా ముందుకొస్తే తన వైపు లాక్కునేది. "నీ చేతులింకా చాలా అన్నాలు కలపాలే అమ్మాయ్" అనేది.

గ్లౌజులు ఇమ్మని సూపర్‌వైజరును ఎన్నోసార్లు అడిగింది. తొడుక్కుంటే పని నెమ్మదిస్తుందన్నాడు. ఒకసారి బయటి దేశం నుంచి కొనేవాళ్లు వచ్చారు. ఆ పూట అందరికీ గ్లౌజులు ఇచ్చి, వాళ్ల కార్లు గేటు దాటగానే వెనక్కి తీసుకున్నారు. అత్త తనవి విప్పి బల్ల మీద పెట్టింది.

"రొయ్యలకైతే ఐసన్నా పోస్తారు సార్. మాకేం చేస్తారు?" అంది, గొంతు పెంచకుండానే.

మర్నాడు ఆవిణ్ణి పనిలోకి రానివ్వలేదు. తన వెంటే వస్తానన్న నన్ను తిట్టి మా ఊరు పంపేసి, తను ఇంకో రొయ్యల షెడ్డులో చేరింది. అక్కడా అదే రసం, అవే ఉత్త చేతులు. పోయే ముందు రోజు దాకా అదే పని. ఇవాళ నేను మిరపకాయలు ఏరి, అదే చేత్తో అన్నం కలుపుకుంటున్నానంటే ఆవిడ చలవే.

అత్తను పెట్టెలో పడుకోబెట్టాక, మా సంఘంలో ఆనవాయితీ ప్రకారం పాస్టరమ్మగారు చేతులకు తొడగడానికి తెల్ల గ్లౌజులు తెచ్చారు. నేను పాస్టరమ్మగారి చెయ్యి పట్టుకుని ఆపాను.

"బతికుండగా ఇవ్వలేదండీ. ఇప్పుడొద్దు. అందరూ చూడాలి."

షెడ్డు యజమాని దండ పట్టుకుని వచ్చాడు. పెట్టె మీదకు వంగి, ఆ వేళ్లు చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. తెల్ల చీర మీద అవి ఎర్రగా, పచ్చిగా అలాగే ఉన్నాయి.