మాకంటే ముందు బయల్దేరిన పాస్‌పోర్టులు

ఒక ప్రళయాన్ని ఎంత పద్ధతిగా, ఎంత ముందుచూపుతో, ఎన్ని రంగుల పెన్నులతో తయారు చెయ్యవచ్చో తెలుసుకోవాలనుకునేవాళ్లు కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. నాలుగేళ్ల కిందట నేనొకటి చేశాను. అందులో ఒక విమానం, ఒక దోనె, ఒక వర్జ్యం, అయిదు పాస్‌పోర్టులు ఉన్నాయి. ప్రాణనష్టం లేదు. పరువు సంగతి మీరే చెబుదురుగాని.

మాది ఏలూరు. మా ఆయనకి మెయిన్ బజారులో స్టీలు సామాన్ల కొట్టు. పండక్కి కూడా పూర్తిగా తలుపులు వెయ్యని మనిషి. అలాంటాయన చేత "సరే, వారం రోజులు మూసేద్దాం" అనిపించానంటే నా సమర్థత మీరే ఊహించుకోండి. కారణం మా పెద్దమ్మాయి సాహితి. దానికప్పుడు పదహారేళ్లు. ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలయ్యాక కాలేజీవాళ్లు దయతలిచి ఎనిమిది రోజులు వదిలారు. అవి దాటితే మళ్లీ ఏడాది పొడుగునా హాస్టలు గోడలే. కొండల మధ్య ఉరికే ఏట్లో రబ్బరు పడవ ఎక్కాలని అది తొమ్మిదో తరగతి నుంచీ అడుగుతోంది. ఈసారి తప్పకుండా ఎక్కిస్తానని తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చాను.

అందుకని శ్రీలంక. ఎక్కడికని నిర్ణయించడం తేలికే. పదహారేళ్లదాన్నీ, పదేళ్లవాణ్నీ, అయిదేళ్లదాన్నీ ఒకే చోట ఒకేసారి సంతోషపెట్టడం ఉందే, అది దేవుడికి కూడా చాతకాదు.

"పడవకి పన్నెండేళ్లు నిండాలంటగా! మరి నేనేం చెయ్యాలి? ఒడ్డున కూర్చుని చెప్పులు కాయాలా?" అన్నాడు మా చరణ్.

"నీకు తీగ పట్టుకుని అడవి మీంచి జారేది ఉందిరా."

"నాకు ఏనుగు. ఏనుగు లేకపోతే నేను రాను" అంది బుజ్జి. అది చిన్నది కదా అని దాని మాట తీసేస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది.

"నన్నెక్కడైనా ఒక్కరోజు ఊరికే కూర్చోనిస్తే చాలు" అన్నారు మా ఆయన.

మనిషికొక రోజు కేటాయించాను. సాహితికి ఏరు, చరణ్‌కి తీగ, బుజ్జికి ఏనుగు, నాకు తేయాకు తోటల మధ్య రైలు, ఆయనకి సముద్రం ఒడ్డున ఊరికే కూర్చోవడం. మనిషికొక రంగు చొప్పున కాగితాలు రాసి ఫైల్లో పెట్టాను. ఆ ఫైలు చంకన పెట్టుకుని ఇంట్లో కలెక్టరమ్మలా తిరిగేదాన్ని. "ఏర్పాట్లన్నీ నావి. ఇందులో ఒక్కటి బెసికినా నన్నడగండి" అని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

అన్నీ అయ్యాయనుకుంటుండగా మా అత్తయ్యగారు పంచాంగంలోంచి తలెత్తారు. ఆవిడ మాతో రావట్లేదు. పడవే ఎక్కని మనిషి విమానమేం ఎక్కుతారు?

"ఎప్పుడమ్మాయ్ మీ ప్రయాణం?"

"గురువారమండి అత్తయ్యగారూ."

"ఆ లంక ఎటు వేపు?"

"దక్షిణమండి."

ఆవిడ కళ్లజోడు తీసేశారు. "గురువారం దక్షిణానికి శూల కదమ్మా! ప్రపంచంలో ఇన్ని దేశాలుండగా దక్షిణాన ఉన్నదే దొరికిందీ? వారంలో ఇన్ని రోజులుండగా గురువారమే దొరికిందీ?"

"టికెట్లు తీసేశామండీ."

"అయితే సోమవారం పొద్దున్నే ప్రస్థానం పెట్టెయ్."

తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. బయల్దేరే రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి రోజు చూసి, మన వస్తువొకటి పసుపు బియ్యంతో సహా సంచిలో పెట్టి, వెళ్లే దారిలో ఎవరింట్లోనైనా ఉంచుతారు. అంటే మనం ఆ రోజే బయల్దేరిపోయినట్టు లెక్క. అసలు ప్రయాణం రోజున ఆ సంచి తీసుకుని సాగిపోవడమే. దాన్ని మళ్లీ మన గడప లోపలికి మాత్రం తేకూడదు.

"మీతో తప్పకుండా వచ్చే వస్తువే పెట్టాలమ్మాయ్. బీరువాలో ఉండిపోయే చీర పెడితే ఫలితం ఉండదు" అని హెచ్చరించి, అత్తయ్యగారు మా ఆయన తువ్వాలొకటి చేతికిచ్చారు.

ఇక్కడ అప్పటి నా బుర్ర ఎలా పనిచేసిందో చూడండి. తువ్వాలు తప్పకుండా వస్తుందని గ్యారంటీ ఏమిటి? మరిచిపోవచ్చు, అక్కడే కొనుక్కోవచ్చు. అది లేకుండా ఈ దేశం దాటలేమన్న వస్తువేది? పైగా ఇంట్లో ఉంటే బుజ్జి వాటి మీద ఏనుగుల బొమ్మలు గీసే ప్రమాదం కూడా ఉంది. ఒక్క దెబ్బకి శాస్త్రమూ నిలబడుతుంది, భద్రతా ఉంటుంది. తువ్వాలు మడతల్లో అయిదు పాస్‌పోర్టులూ దూర్చి, పైన పసుపు బియ్యం మూట పెట్టి, సంచి మూతి కట్టేశాను. ఎవరితోనూ చెప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ పూట రెండుసార్లు కాఫీ తాగాను.

వట్లూరులో మా స్నేహితురాలు పద్మ ఉంది. గన్నవరం విమానాశ్రయానికి దారి అటే. సోమవారం పొద్దున్న సంచి తీసుకెళ్లి వాళ్ల దేవుడి గదిలో పెట్టి వచ్చాను.

గురువారం తొమ్మిదింటికి మాట్లాడుకున్న కారు వచ్చింది. విమానం రెండూ నలభైకి. గన్నవరంలో ఎక్కి చెన్నై, చెన్నై నుంచి కొలంబో. సాగనంపడానికి అత్తయ్యగారు కూడా ఎక్కారు. పది నిమిషాల్లో వట్లూరు. పద్మ గేటు దగ్గరే నిలబడి, దగ్గరికి రాకుండా నవ్వింది.

"లోపలికి రాకండి వదినగారూ, మాకు పురుడండీ. మంగళవారం మా తోటికోడలికి బాబు పుట్టాడు."

"శుభం పద్మా! మరి మా సంచీ?"

"అయ్యో, మైలింట్లో మీ ప్రస్థానం ఉంచుతానాండీ? అప్పటికప్పుడే స్నానం చేసి, కింద వాటాలో నాగమణిగారి చేత తీయించి వాళ్లింట్లో పెట్టించేశానండి."

నా ఊపిరి మళ్లీ ఆడింది. కింద వాటా తలుపుకి తాళం ఉంది.

"వాళ్లు నిన్ననే కొల్లేటికోట వెళ్లారండి. చేపల చెరువు పట్టుబడి కదా, వలలేసి చేపలన్నీ పట్టేదాకా పది రోజులు గట్టు మీదే ఉంటారు. దీపం పెట్టే దిక్కులేని ఇంట్లో ఒకరి ప్రస్థానం వదిలెయ్యకూడదని పాపం ఆవిడ సంచి కూడా పట్టుకెళ్లారండి. చాలా పద్ధతైన మనిషి."

"ఫోన్ చెయ్యొచ్చు కదా పద్మా!"

"మీరు హడావుడిలో ఉంటారని చెయ్యలేదండీ."

ఇంత మర్యాదస్తులు చుట్టూ ఉన్నప్పుడు మనిషి బాగుపడడం కష్టం.

మా ఆయన తేలిగ్గా అనేశారు: "పోనిద్దూ. తువ్వాలేగా. కొలంబోలో కొనుక్కుందాం."

"ప్రస్థానం వదిలేసి సముద్రం దాటతావురా?" అని అత్తయ్యగారు లేచారు.

"అమ్మా, తువ్వాలు కోసం కొల్లేరు వెళతామా?"

ఇప్పుడందరూ నా వైపు చూశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో పంచాంగం మాటొస్తే నేను ఎప్పుడూ ఆయన పక్షమే. గొంతు సవరించుకుని, "అత్తయ్యగారు చెప్పింది నిజమండి. పెద్దవాళ్ల మాట వినాలి. కొల్లేటికోట పోదాం" అన్నాను.

అత్తయ్యగారి కళ్లు చెమ్మగిల్లాయి. "ఇన్నాళ్లకి నా మాట మీద గురి కుదిరిందమ్మా నీకు" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి చల్లగా ఎందుకుందో ఆవిడకి తెలియదు.

నిజం అప్పుడే చెప్పెయ్యొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ ఫైలు నా ఒళ్లోనే ఉంది.

నాగమణికి ఫోన్ కలిసింది. "మీ సంచి బహు జాగ్రత్తగా ఉందండి. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదండి" అందావిడ. కొల్లేటికోట దగ్గర కారు ఆపి, మురుగు కాలవ దాటి చెరువుల్లోకి వెళ్లాలి. దాటడానికి ఉన్నది ఒక్కటే దోనె. అది చేపల ట్రేలు దింపి తిరిగొచ్చేదాకా అరగంట నిలబడ్డాం. పడవే ఎక్కనన్న అత్తయ్యగారు ప్రస్థానం కోసం పంటి బిగువున ఎక్కారు. "అమ్మా, ఇదేనా లంక?" అంది బుజ్జి.

గట్టు మీద కాపలా పాక. వాసానికి వేలాడుతూ నా సంచి. అంత అందమైన సంచిని నేను ఎప్పుడూ చూడలేదు. ఒక్క అంగలో వెళ్లి చెయ్యి చాపాను.

"అక్కగారూ, ఒక్క నిమిషం" అంది నాగమణి, ఎంతో మృదువుగా. "వర్జ్యం ఉందండి. పన్నెండూ యాభై దాకా. ఇన్ని జాగ్రత్తలు పడి, ఇప్పుడు వర్జ్యంలో మీ చేతికిచ్చి పాపం ఎక్కడ మూటగట్టుకోనండీ? కూర్చోండి, కొబ్బరిబోండాలు కొట్టిస్తాను."

టైము పన్నెండయింది.

"బంగారం లాంటి మాట చెప్పావమ్మా" అని అత్తయ్యగారు అక్కడున్న నులక మంచం మీద తృప్తిగా చతికిలబడ్డారు. "మా కోడలికీ ఇప్పుడిప్పుడే ఇవన్నీ పట్టుబడుతున్నాయి."

"పోనీ, వర్జ్యాన్ని ఏదో సర్దుకుందామండీ" అన్నాను.

"అదేమిటమ్మాయ్, పొద్దుటి భక్తంతా ఏమైపోయింది?"

"విమానం వెళ్లిపోతుందమ్మా. తువ్వాలు వదిలేసి పదండి" అని మా ఆయన దోనె వైపు నడిచారు. చరణ్, బుజ్జి ఆయన వెనక. సాహితి మాత్రం కదల్లేదు. నా మొహంలోకి చూస్తూ, "అమ్మా, ఆ సంచిలో ఏముంది?" అని మెల్లిగా అడిగింది.

కన్నవాళ్లని మోసం చెయ్యొచ్చు, కట్టుకున్నవాణ్ని మోసం చెయ్యొచ్చు. పదహారేళ్ల కూతురి ముందు మాత్రం ఒక్క క్షణం కూడా నిలబడలేం.

"పాస్‌పోర్టులు" అన్నాను.

"ఎవరివి?"

"అందరివీ."

చెరువులో వల లాగుతున్నవాళ్లు కూడా లాగడం ఆపేశారు. మా ఆయన వెనక్కి తిరిగారు. అత్తయ్యగారే ముందు తేరుకుని, "నేనిచ్చింది తువ్వాలు కదే!" అన్నారు. ఎప్పుడూ 'అమ్మాయ్' అని పిలిచే ఆవిడ నన్ను 'కదే' అనడం అదే మొదలు. నాగమణి మాత్రం బుగ్గలు నొక్కుకుని, "ఎంత పని జరిగిందండీ!" అంటూ సూర్యుడికో దణ్ణం పెట్టి, వర్జ్యంలోనే సంచి తీసి ఇచ్చేసింది.

అక్కణ్ణుంచి కారు పరిగెత్తింది. కైకలూరు దాటాం. ముదినేపల్లి దగ్గర దాళ్వా ధాన్యం రోడ్డుకి ఒక పక్కంతా ఆరబోసి ఉంది. మిగిలిన పక్కన ఎదురుగా గడ్డి ట్రాక్టరు. వెనక్కి వెళ్లమంటే ఆ ట్రాక్టరబ్బాయి చాలా గౌరవంగా, "మీరే కాస్త వెళ్లండి సార్, నాకు వెనక్కి రాదండి" అన్నాడు. మేమే వెళ్లాం. గన్నవరంలో కారు దిగేసరికి మా విమానం చెన్నై దారిలో ఉంది.

సాహితి కాసేపు ఆకాశం వైపు చూసి, "పర్లేదులేమ్మా" అంది.

తిడితే బాగుండేది. అరిచినా బాగుండేది. ఆ మాటకి నాకు నిజంగా ఏడుపొచ్చింది. దాని ఎనిమిది రోజుల్లో ఒకటి నా తెలివితేటలు తినేశాయని సిగ్గుతో చచ్చిపోయాను.

మా ఆయన ఎవరెవరికో ఫోన్లు చేశారు. శనివారానికి సీట్లు దొరికాయి. అంటే రెండు రోజులు పోయినట్టే. తిరుగు దారిలో ఫైలు తెరిచి, ఎవరి రోజులు తీసెయ్యాలో అడిగాను. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క విషయంలోనూ ఏకాభిప్రాయానికి రాని నా ముగ్గురు పిల్లలూ ఒక్క గొంతుతో "అమ్మ రోజు!" అన్నారు. న్యాయమే. రెండోదిగా నాన్న రోజు కొట్టేశారు.

"నేనేం చేశానర్రా?" అన్నారు ఆయన.

"మీరు అక్కడ ఊరికేగా కూర్చునేది, ఇక్కడా కూర్చోవచ్చు నాన్నా" అంది సాహితి, మొదటిసారి నవ్వుతూ. దాని ఏరు దానికి దక్కింది.

ఏలూరు పొలిమేర దాటుతుండగా వెనక సీట్లోంచి కాగితాల చప్పుడు.

"శనివారం అష్టమి. రేపు పొద్దున్నే మళ్లీ ప్రస్థానం పెట్టాల్సిందే" అన్నారు అత్తయ్యగారు. "తప్పకుండా వెళ్లేదే పెట్టాలి మరి."

కొల్లేటికోట నుంచీ నాతో ఒక్క మాట మాట్లాడని మా ఆయన అప్పుడు నోరు విప్పారు.

"ఈసారి దీన్నే పెడదాం."

నేను నవ్వాను. అత్తయ్యగారు నవ్వలేదు. వేళ్ల మీద ఏదో లెక్క కట్టి, "శాస్త్రానికి అడ్డేం లేదు" అన్నారు.

శుక్రవారం ఉదయం ఏడూ పదికి, చేతికొక పసుపు బియ్యం మూటిచ్చి నన్ను ఎదురింట్లో పెట్టారు. ప్రస్థానం మళ్లీ గడప దాటకూడదు కనక శనివారం కారొచ్చేదాకా అక్కడే ఉన్నాను. సర్దుళ్లన్నీ వాళ్ల వరండాలో నిలబడి కేకలేసి చేయించాను. వీధిలో వెళ్లేవాళ్లందరూ ఆగి, "ఏమండీ, ఇంట్లో గొడవా?" అని ఎంతో మర్యాదగా పరామర్శించారు. అందరికీ మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది.

కనుక ఏలూరు మెయిన్ బజారు పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ దిక్కుకి, ఏ వారం, ఏ తిథిన బయల్దేరినా, ప్రస్థానమంటూ మా ఇంట్లోంచి తువ్వాలు తప్ప మరొకటి గడప దాటదు. ముఖ్యంగా నేను దాటను.