రెండో ఫ్లాపీ

పోయిన సోమవారం పొద్దున్నే ఫోన్ మోగింది. మా ఇంట్లో ఫోన్ మోగితే ముందు నా గుండె అదురుతుంది, ఆ తరువాతే మనవరాలు రిసీవర్ ఎత్తుతుంది. నాకీ ఫోన్ భయమనే జబ్బు అంటడానికి కారణమైన మనిషే ఇక లేదని ఆ రోజు కబురు. వారం రోజుల జ్వరం, ఆసుపత్రి, అంతే. మా మేడమీద పన్నెండేళ్లు అద్దెకున్న అమ్మాయి, పత్రికలకు కంప్యూటర్ల గురించి రాసే అమ్మాయి, వెళ్లిపోయింది. నాకంటే ముప్పై ఏళ్లు చిన్నది. బస్సు దగ్గర కూడా ఏనాడూ వరసలో నిలబడి ఎరగదు.

మేము కోస్తా నుంచి ఉద్యోగాల కోసం వచ్చి పాతబస్తీ ఛత్రినాకలో పాతుకుపోయినవాళ్లం. ఆమె దబీర్‌పురాలో పుట్టి పెరిగింది. తొంభైల నడుమ, మేడమీది రేకుల గది అడగడానికి వచ్చింది.

"ఏం చేస్తుంటావమ్మా?"

"ఫ్రీలాన్స్ జర్నలిస్టును పెద్దమ్మా. కంప్యూటర్ల మీద రాస్త."

"ఏ పత్రికలో?"

"ఏది ఏసుకుంటే దాంట్ల."

"అంటే ఉద్యోగం లేదన్నమాట."

"ఉద్యోగం లేదు. పని మస్తున్నది."

కంప్యూటర్ల గురించి రాసే మనిషికి సొంత కంప్యూటర్ లేదు. ముందు కాగితం మీద రాసుకునేది. పదకొండు గంటలకు కిందికొచ్చి, మా రేడియో గొంతు తగ్గించి, నాకు చదివి వినిపించేది. నేను తెలుగు పంతులమ్మగా రిటైరయినదాన్ని. మూడుసార్లు విన్నది మరిచిపోవడం నాకు చేతకాదు. నాకు అర్థం కాని వాక్యాన్ని అక్కడికక్కడే కొట్టేసేది. "మీకు సమజైతే లోకానికి సమజైనట్టే" అనేది. దాన్ని పొగడ్త అనుకుని కొన్నాళ్లు మురిశాను. ఆ తరువాత వీధి చివర డీటీపీ షాపులో టైపు చేసి, ఫ్లాపీలో వేసుకుని, బస్సెక్కి పత్రిక ఆఫీసులో ఇచ్చి వచ్చేది.

రేకుల వేడికి పాడవుతాయని ఫ్లాపీలను నా బీరువాలో, పట్టుచీరల మధ్య దాచేది. వాటికి శత్రువులెవరో ఒకసారి పాఠకుల కోసం రాసింది: ఎండ, దుమ్ము, అయస్కాంతం. అయస్కాంతం ఎక్కడుంటుందే అంటే మా పాత రేడియో వెనక చెక్క ఊడదీసి, స్పీకరుకు నా కుట్టుసూదిని అతికించి చూపించింది. "ఒక్క కాపీ ఉన్నదంటే లేనట్టే పెద్దమ్మా" అని కూడా చెప్పింది. సూది గుర్తుంది నాకు. ఈ మాట మాత్రం, గుర్తుండాల్సిన రోజున గుర్తు రాలేదు.

ఆ ఏడు ఊరంతా కంప్యూటర్ కోర్సుల పిచ్చి. ఒక శిక్షణా కేంద్రం వాళ్లు చెల్లని సర్టిఫికెట్లు ఇచ్చి పిల్లల్ని ముంచుతున్నారని ఈమె నెల రోజులు తిరిగి రాసింది. నాకు మూడుసార్లు చదివింది. ముందే ఎవరి కంటా పడకూడదని, టైపు చేశాక ఆ కాగితాలు చింపేసింది, షాపు మిషన్లోంచీ తీసేసింది. ఇక ఉన్నది నా బీరువాలోని ఫ్లాపీయే అనుకున్నాను.

ఇంటి మొత్తానికీ ఫోన్ ఒక్కటే, అదీ నా గదిలో. ఆ వారమే ఎవడో ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

"గా పత్రికల రాసే పిల్ల మీ ఇంట్లనే ఉంటదట గద, అమ్మా? జర చెప్పుండ్రి. ఒంటరి ఆడపిల్ల. బస్సు దిగి గల్లీల నడుచుకుంట వస్తది. నిన్న పచ్చ చున్నీ ఏసుకున్నది."

గొంతులో కోపం లేదు. ఎంతో మర్యాద. అరిచినా ఇంత భయం వేసేది కాదు. ముందురోజు తీగ మీద ఆరేసిన పచ్చ చున్నీ ఇంకా అక్కడే ఊగుతోంది.

ఫోన్ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే ఇంకా గట్టిగా రాస్తుందని నాకు తెలుసు. "అది మానెయ్యవే, నాకు నచ్చలేదు" అన్నాను.

"నచ్చుడు తర్వాత. సమజైందా లేదా, గది చెప్పుండ్రి."

మూడోసారి ఫోన్ వచ్చిన మధ్యాహ్నం బీరువా తెరిచాను. ఆ ఫ్లాపీ తీసుకుని రేడియో వెనక, సూది అతుక్కున్న చోటే పెట్టాను. బీరకాయ చెక్కు తీస్తూ దాని ఎదురుగా కూర్చున్నాను. రేడియోలో పాడిపంటల కబుర్లు వస్తున్నాయి. సాయంత్రం దాన్ని మళ్లీ చీరల మధ్య సర్దేశాను. ముప్పై ఐదేళ్లు పిల్లలకు దొంగతనం తప్పని చెప్పిన చేతులు అంత శుభ్రంగా పని చేస్తాయనుకోలేదు.

మర్నాడు ఫ్లాపీ తీసుకుని పత్రిక ఆఫీసుకు వెళ్లిన ఆమె మధ్యాహ్నానికే తిరిగి వచ్చి మా గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

"ఫ్లాపీ తెరుచుకుంట లేదు పెద్దమ్మా. సాయంత్రం లోపల ఇయ్యాలె." నా మొహంలోకి చూసింది. "మీకు యాదికున్నదా?"

లేదంటే అయిపోయేది. "వయసైపోయిందే" అన్నాను.

"గట్లనా. సరే, నేనే యాద్ చేసుకుంట." కాగితం తీసి, పైకే చదువుతూ రాయసాగింది. "బార్కస్ బస్తీల ఒక తల్లి... బిడ్డ సర్టిఫికెట్‌కి పటం కట్టిపిచ్చి... పెట్టెల దాచింది..."

"పెట్టెలో కాదు!" నోరు జారింది. "'తలుపు తియ్యగానే కనబడేటట్టు గోడకు పెట్టింది. వచ్చినోళ్లకల్లా చూపిస్తది. అది చెల్లదని ఆమెకు నేనే చెప్పాల్సి వచ్చింది.' అదీ నువ్వు రాసింది."

నా జీవితంలో ఎన్ని సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టానో. ఆ తల్లి గోడను తప్పు చెబితే నేను ఊరుకోలేకపోయాను. తరువాతి వాక్యం దానంతటదే వచ్చింది, ఆ తరువాతిదీ. నోరు ఆగడం లేదు. మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాను. ఆమె తల ఎత్తకుండా రాసుకుంది. అంతా అయ్యాక ఫోన్ల సంగతీ చెప్పాను. రేడియో సంగతి చెప్పలేదు.

కథనం అచ్చయిన రోజు మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి రిసీవర్ ఆమే ఎత్తింది. "ఎవలు భాయ్? జర పేరు చెప్పు. రేపటి దాంట్ల తప్పు లేకుంట రాస్త." అవతలివాడు పెట్టేశాడు. ఆ తరువాత నెల రోజులు బస్టాపు దాకా ఆమెతో నేనూ నడిచాను. "ఎవడన్న వస్తే మీరేం జేస్తరు పెద్దమ్మా?" అని నవ్వేది. "వాడి తెలుగు దిద్దుతానే" అనేదాన్ని. చున్నీ రంగు రోజుకొకటి మార్పించాను. ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదన్న సంగతి నా భయానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మొన్న ఆమె తమ్ముడు గది ఖాళీ చేయడానికి వచ్చాడు. వంట సామాను సర్దుతూ కందిపప్పు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "దీంట్ల ఏందో ఉన్నది, చూడుండ్రి."

పప్పులో, ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఒక ఫ్లాపీ. మీద ఆమె అక్షరాలు: ఆ కథనం పేరు, నేను పాడు చేసిన దాని మీదున్న తేదీయే, కింద 'రెండో కాపీ'.

మెట్టు మీద కూర్చుని నన్ను అడిగిన మధ్యాహ్నం, ఇది పైన పప్పు డబ్బాలోనే ఉంది. ఆ తల్లి పటం పెట్టెలో ఉందని రాసుకున్నప్పుడూ ఉంది. ఆ తరువాత ఎన్నో ఏళ్లు నా చేతి కాఫీ తాగింది. మొదటిది ఎలా పాడైందని ఒక్కనాడూ అడగలేదు.

పాడైనది నా బీరువాలోనే ఉండేది. దాన్ని కూడా తెచ్చి అదే డబ్బాలో పెట్టాను. రెంటిలో దేన్నీ చదివే యంత్రం మా ఇంట్లో లేదు. పదకొండయ్యేసరికి చెయ్యి అలవాటుగా రేడియో గొంతు తగ్గించడానికి వెళుతుంది, అక్కడ అది ఉండదు. డబ్బాకు దూరంగా రేడియోను వరండాలో పెట్టించాను. నిన్న మనవరాలు తెలియక లోపలికి తెచ్చింది. పప్పు డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఆ రేడియో మళ్లీ గడప దాటేదాకా డబ్బా మీంచి చేతులు తియ్యలేదు.