నోరీన్ టాస్కర్ సాక్ష్యం

నోరీన్ టాస్కర్ ఎక్కువ మాట్లాడదు. మా ఊరి నుంచి దూరాన ఉన్న పశువుల ఫారాలకు ఉత్తరాలనూ మందులనూ, వారానికోసారి నర్సునూ చిన్న విమానంలో చేరవేసే మనిషి. గాలివానలో చిక్కుకుని దిగి వచ్చినా "కాస్త కుదిపింది" అంటుంది, అంతే. భర్త పోయిన రోజు కూడా క్లబ్బుకు వచ్చి ఒక బీరు తాగి, గ్లాసు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ సంగతి నాకు చెప్పి వెళ్లింది. మా ఫ్లయింగ్ క్లబ్బులో బారు చూసుకునేది నేనే.

విమానం ఆమెది కాదు, క్లైవ్ హాబ్డెన్‌ది. అన్నిటికన్నా పెద్ద ఫారం ఆయనదే, క్లబ్ అధ్యక్షుడూ ఆయనే. ఊళ్లో సగం మందికి జీతమిచ్చేదీ ఆయనే కాబట్టి ఆయన జోకులకు మేమంతా నవ్వుతాం.

ఆ ఏడాది విమానంలోంచి వెతుకుతూ పశువుల్ని తోలే పనులు ఊపందుకున్నప్పుడు, విమాన భద్రతా సంస్థ ఇన్‌స్పెక్టర్ పిలింజర్ చెప్పాపెట్టకుండా దిగాడు. నేరుగా షెడ్డులోకి వెళ్లి, ఎడమ రెక్క కిందికి దూరి చూసి, ఈ విమానం ఎగరకూడదని కాగితం అంటించి పోయాడు. రెక్క మొదట్లో పగులుందట. ఊరంతా భగ్గుమంది. ఇక ప్రతి శుక్రవారం క్లబ్బులో అతన్ని తిట్టడమే మా పని. నోరీన్ మూల బల్ల దగ్గర కూర్చుని వినేది. పాపం పని పోయిందని ఆమె బీరుకు మేమే డబ్బులిచ్చేవాళ్లం.

క్లైవ్ సెనేటర్ గార్‌వుడ్‌కు ఫోన్ చేశాడు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి సెనేటర్‌కు వెంటనే కోపం వచ్చింది. భద్రతా సంస్థ తీరు మీద సెనేట్ కమిటీ విచారణను మా ఊరి హాల్లోనే పెట్టించాడు. పిలింజర్ ఉద్యోగం ఊడగొట్టిస్తానని, విమానాన్ని మళ్లీ ఎగిరిస్తానని రేడియోలో మాటిచ్చాడు.

విచారణ రోజు టీ, స్కోన్లనే చిన్న రొట్టెల పని నాకు అప్పగించారు. రాజధాని క్యాన్‌బెర్రా నుంచి వచ్చిన భద్రతా సంస్థ డైరెక్టర్ ప్రతి ప్రశ్నకూ "రాతపూర్వకంగా తర్వాత తెలియజేస్తాం" అన్నాడు. సొంత పేరు అడిగినా అదే చెప్పేలా ఉన్నాడు. తర్వాత పిలింజర్‌ను నిలదీశారు. ఇన్ని విమానాలుండగా ఆ రెక్క కిందికే ఎందుకు దూరావని సెనేటర్ అడిగాడు. చెప్పలేనన్నాడు. హాబ్డెన్ మీద పగా అంటే కాదన్నాడు. మరి ఎవరు చెప్పారంటే, ఆ పేరు బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదన్నాడు. హాలంతా నవ్వింది. ఈ అధికారిని కొనసాగించాలా వద్దా అన్నది ఆలోచిస్తున్నామని డైరెక్టర్ చెప్పాడు. ఆ ఒక్క జవాబు మాత్రం అక్కడికక్కడే వచ్చింది.

ఆ తర్వాత నోరీన్‌ను పిలిచారు. సెనేటర్ గొంతు మెత్తబడింది.

"మిసెస్ టాస్కర్, ఈ మనిషి వల్ల మీ బతుకు ఏమైందో కమిటీకి చెప్పండి."

"ఆ పగులు ముందు చూసింది నేను," అంది నోరీన్.

సెనేటర్ తన కాగితాలు తిరగేశాడు. వాటిలో ఆ ముక్క లేదు.

"క్లైవ్‌కి చూపించాను. ఈ తోలుడు పని అయ్యేదాకా ఎలాగోలా లాక్కురా, తర్వాత చూద్దాం అన్నాడు. రెండుసార్లు లాక్కొచ్చాను. రెండోసారి నా వెనక నర్సుంది, ఒడిలో స్వెటర్ అల్లుకుంటా ఉంది. ఆమెకేం తెలుసు? దిగాక భద్రతా ఆఫీసుకి నేనే ఫోన్ చేశాను. నీ పేరు ఎవరికీ చెప్పం అన్నారు. చెప్పలేదు. ఆయన ఇందాకటి నుంచి తిట్లు తింటున్నది అందుకే."

నాకు మొదట నోరీన్ మీదే ఒళ్లు మండింది. మా బీర్లు తాగుతూ అన్ని శుక్రవారాలు ఎలా కూర్చుందీ మనిషి? సెనేటర్ టీ విరామం ప్రకటించాడు. నా స్కోన్ల వైపు ఎవరూ రాలేదు. ఇప్పుడు పిలింజర్ సంగతేమిటని ఒక విలేకరి అడిగితే, రాతపూర్వకంగా తర్వాత తెలియజేస్తామన్నాడు డైరెక్టర్. క్లైవ్ టోపీ పెట్టుకుని నోరీన్ పక్కగా వెళ్తూ, ఇక పనిలోకి రానక్కర్లేదని చెప్పాడు. అరవలేదు కూడా. పాలు అయిపోయాయని చెప్పినట్టు చెప్పాడు.

మిగిలిపోయిన స్కోన్ల పళ్లేలు కారులో పెట్టడానికి బయటికి వెళ్లాను. నోరీన్ తన బండి తలుపు తీస్తోంది. పిలింజర్ ఆమె దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ ముఖాముఖి మాట్లాడుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"మీరు చెప్పాల్సిన పని లేదండీ," అన్నాడు. "నాకు ఇంకెక్కడో ఇంకో ఉద్యోగం దొరికేది. మీరు బతకాల్సింది ఈ ఊళ్లోనే కదా."

"మరి అందుకేగా చెప్పింది," అంది నోరీన్.