కటీఫ్ పంచాయితీ

ఆ రోజుల్లో పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పడానికి ఒక పేరంటూ లేదు. బడికి పోయే పిల్లలు, పోని పిల్లలు అని రెండే రకాలు. పోనివాళ్లు పశువుల వెంటో, బీడీల చాట ముందో ఉండేవారు. నేను ఆ రెండింటిలోనూ ఇమడని మూడో రకం. మొన్న మా మేనకోడలు వచ్చి, తన కొడుకును బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నానని చెప్పింది. "పిల్లగాడు నలుగుట్ల కలవడం నేర్చుకోడని అందరు భయపెడుతున్నరత్తా, నువ్వేమంటవ్?" అని అడిగింది. (మా ఇంట్లో నన్ను సలహా అడగడమే అరుదు. పప్పులో ఉప్పు సంగతి కూడా అడగరు.) ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచిస్తే సలహా రాలేదు కానీ, మా ఊరు ఎల్లారెడ్డిలో మా ఇంటి అరుగు గుర్తుకొచ్చింది. దాని మీద ముగ్గురు ముసలివాళ్లు, వాళ్ల పక్కన నాలుగో ముసలిదానిలా కాళ్లు ముడుచుకుని కూర్చున్న నేను.

చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. బడిలో వేసిన కొత్తలోనే ఛాతీలో పిల్లికూతలు మొదలైతే, బాపు నన్ను బస్సెక్కించి కామారెడ్డి తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. ఈ చలికాలం గడిచేదాకా దుమ్ములోకి పంపకుండా ఇంటిపట్టున ఉంచమన్నాడాయన. మా తాత అప్పటికే పంతులు ఉద్యోగం నుంచి రిటైరై ఇంట్లో ఉన్నాడు. నాయనమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. "పిల్ల బడికి పోలేకుంటే బడే పిల్ల దగ్గరికొస్తది" అని ఆయన ఆ రోజే ప్రకటించేశాడు. ఆ చలికాలం అయిపోయింది. దాని తర్వాత ఎండాకాలమూ, వానాకాలమూ అయిపోయాయి. పిల్లికూతలు ఎప్పుడు మానాయో కూడా ఎవరికీ గుర్తులేదు. మా తాత లెక్కలో మాత్రం ఆ చలికాలం ఏళ్లకేళ్లు సాగింది, అమ్మ ఎంత సణిగినా ముగియలేదు.

మా బడిలో నేనొక్కదాన్నే విద్యార్థిని. అయినా తాత దేనికీ మినహాయింపు ఇవ్వలేదు. పొద్దున ఇత్తడి పళ్లెం మీద గరిటెతో గంట కొట్టేవాడు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని హాజరు పిలిచేవాడు, నేను లేచి నిలబడి పలికేదాన్ని. ఒకటికి పోవాలంటే చిటికెన వేలు చూపించి అనుమతి అడగాలి, ఆయన కళ్లద్దాల మీదుగా చూసి "పోయి రాండ్రి" అనేవాడు. (చదువుకునేవాళ్లకు మర్యాద ఇస్తేనే చదువు నిలుస్తుందని ఆయన నమ్మకం, అందుకే బడి వేళల్లో నన్ను మీరు అనేవాడు.) లెక్క తప్పితే పక్కవాళ్లను చూసి నేర్చుకోమని మందలించేవాడు. పక్కన మా పిల్లి తప్ప ఎవరూ ఉండేవారు కాదు. క్లాసులో ఎప్పుడూ నాదే ఫస్టు, ఆఖరూ నాదే.

సాయంత్రం బడి వదిలాక అరుగు మీదికి తాత స్నేహితులిద్దరు వచ్చేవారు. ఒకాయన ఎండాకాలంలోనూ షేర్వాణీ విప్పని పెద్దమనిషి, ఆయన్ను షేర్వాణీ తాత అనేదాన్ని. ఇంకొకాయన కిరాణా దుకాణాన్ని కొడుక్కప్పగించి వచ్చిన దుకాణం తాత. వాళ్లిద్దరూ మా తాతకు ప్రాణస్నేహితులు, ఒకరితో ఒకరు మాత్రం మాట్లాడుకోరు. ఎప్పుడో పచ్చీసు ఆటలో కాయ దగ్గర గొడవట, ఏ కాయో ఇద్దరికీ గుర్తులేదు. అయినా రోజూ ఒకే అరుగు మీద, ఒకే చాప మీద కూర్చునేవారు. ఒకాయన "ఆయనకు చెప్పు బిడ్డా, చాయ్ చల్లారుతున్నదని" అనేవాడు. రెండో ఆయన "ఆయనకు చెప్పు బేటీ, నాక్కూడ కండ్లున్నయని" అనేవాడు. మూరెడు దూరంలో కూర్చున్న ఇద్దరి మధ్య ఆ మాటలు మోసేది నేను. ఇక మిగిలిన మాటలన్నీ మోకాళ్ల నొప్పులు, నిద్ర పట్టకపోవడం, కిందటేడు పోయినవాళ్లు. మనుషులంటే ఇలాగే ఉంటారని, స్నేహమంటే ఇదేనని నేను అనుకున్నాను. అనుకోకేం చేస్తాను, నాకు తెలిసిన లోకమంతా ఆ చాప మీదే ఉండేది.

చివరికి అమ్మ గెలిచింది. పరీక్ష పెట్టించి నన్ను నేరుగా ఆరో తరగతిలో చేర్పించారు. నాకు ఎక్కాలు పైనుంచి కిందికీ కింది నుంచి పైకీ వచ్చు, ఉర్దూ రాయడం వచ్చు. నా వయసు పిల్లలతో ఏం మాట్లాడాలో మాత్రం తెలియదు. మొదటి రోజు నా పక్కన కూర్చున్న పిల్లను అందరూ బొంగరం అనేవారు, ఒక్కచోట నిలవదు కాబట్టి. పరిచయం ఎలా మొదలుపెట్టాలో నాకు వచ్చిన ఒకే పద్ధతిలో మొదలుపెట్టాను. "మోకాండ్ల నొప్పులు తగ్గినయా అమ్మా?" అన్నాను. దేవుడు ఆ రోజు నా పక్షాన ఉన్నాడు. బొంగరం ముందురోజే పడి మోకాలు కొట్టుకుంది. పరికిణీ పైకి లాగి, పొక్కు కట్టిన గాయం చూపించి, "ఇంకా మండుతున్నది" అంది. ఇంత మంది ఉన్న క్లాసులో తన మోకాలి సంగతి అడిగింది నేనొక్కదాన్నేనట. అలా నాకు జీవితంలో మొదటి స్నేహితురాలు దొరికింది.

ఆ స్నేహం తొక్కుడుబిళ్ల దాకా వచ్చి ఆగింది. ఆటలో బొంగరం మడమ గీత మీద పడింది. అందరూ చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. నేను మాత్రం మా తాత నేర్పిన సత్యసంధతతో ముందుకొచ్చి, "మీరు గీత తొక్కిండ్రు" అన్నాను. తొక్కలేదంది. నేను నేల మీద కూర్చుని మడమ గుర్తు వెతికి చూపించి, ఆటలో అబద్ధమాడితే పెద్దయ్యాక ఏమవుతారో నలుగురి ముందు వివరించి చెప్పాను. బొంగరం ముఖం ఎర్రబడింది. నా ముక్కు ముందు చిటికెన వేలు చాపి నిలబడింది. మా బడిలో ఆ వేలికి ఒకటే అర్థం. పాపం ఎంత అవసరమొచ్చిందోనని, "పోయి రాండ్రి" అన్నాను. ఆడపిల్లలంతా నేల మీద పడి నవ్వారు. ఆ వేలు చూపితే కటీఫ్ అని, అంటే ఇక మాటల్లేవని, బొంగరంతో కటీఫ్ అయితే ఆ జట్టు మొత్తంతో కటీఫేనని ఎవరో చెప్పేసరికి నా చుట్టూ ఎవరూ మిగల్లేదు.

మాటల్లేకపోవడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. అరుగు మీద రోజూ చూస్తున్నదే. అది ముసలితనం దాకా ఉంటుంది. ఇంటికి వచ్చి ముగ్గురు తాతల ముందు సంచి పడేసి, "రేపట్నుంచి బడికి పోను తాతా. ఇంట్లనే చదువుకుంట" అని ఏడ్చాను. ఆ మాట వినగానే మా తాత ముఖంలో ఒక్క క్షణం సంతోషం కనిపించింది. నేను ఏడుస్తూనే చూశాను. మరుక్షణం ఆయన తల వంచుకుని కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు, చాలాసేపు తుడిచాడు. షేర్వాణీ తాత గొంతు సవరించుకుని, తెగిన దోస్తీని అతికించడం పెద్దల బాధ్యత అన్నాడు. దుకాణం తాత నా వైపు తిరిగి, "ఆయనకు చెప్పు బిడ్డా, గీ మాట మాత్రం నేను గూడ ఒప్పుకుంట" అన్నాడు. ముగ్గురూ రుమాళ్లు చుట్టుకుని, కర్రలు అందుకుని, నన్ను ముందు నడిపించుకుంటూ పంచాయితీకి బయల్దేరారు.

బొంగరం వాళ్ల అమ్మ గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తి, రుమాళ్లు చుట్టుకుని తన వాకిట్లో బరువుగా నిలబడిన ముగ్గురు పెద్దమనుషులను చూసింది. చాట జారి కింద పడింది. ఆకులు, పొగాకు గడప నిండా చెల్లాచెదురయ్యాయి. ఆమె తలుపు చెక్క పట్టుకుని లేచి, "మా ఆయనకేమైంది?" అంది. ఆయన దుబాయి పోయి ఏడాది దాటిందని మాలో ఎవరికీ ఆ క్షణం దాకా గుర్తురాలేదు. మనిషి దుబాయిలో ఉన్న ఇంటికి పెద్దలు ముగ్గురు కలిసి వచ్చారంటే మా దిక్కున ఆ రోజుల్లో ఒకటే అర్థం.

దుకాణం తాత కంగారుగా, "ఏం కాలే బిడ్డా, మంచిగున్నడు" అన్నాడు, ఆయనకేదో తెలిసినట్టు. మా తాత కర్ర పక్కన పెట్టి చేతులు జోడించాడు. "తప్పయింది బిడ్డా. పిల్లలు కటీఫ్ చేసుకున్నరు, మాట్లాడి కలుపుదామని వచ్చినం. గంతే" అన్నాడు. ఆమె గడప మీద కూలబడింది. కొంచెంసేపు మా వైపు చూసింది, తర్వాత నవ్వింది, నవ్వుతూనే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు చాలాసేపు తియ్యలేదు. అంత పెద్ద భయం తెచ్చింది నా చిన్న ఏడుపేనని ఆ వయసులోనే అర్థమైంది.

ఆమె ముఖం చూడలేక ముగ్గురు తాతలూ నేల మీద కూర్చుని పొగాకు ఏరడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు బొంగరం చంకన బిందెతో వచ్చింది. తమ గడప ముందు రుమాళ్లు చుట్టుకుని పొగాకు ఏరుతున్న పెద్దమనుషులను, వాళ్ల వెనక నన్ను చూసి బిందె దించింది. మా తాత కూర్చున్నచోటినుంచే, ఈ కటీఫ్ తియ్యడానికి ఏం చెయ్యాలో చెప్పమని చాలా గౌరవంగా అడిగాడు.

"ఏం చేసుడు తాతా, కటీఫ్ ఇయ్యాల్టికే గద. రేపు పొద్దుగాల నేనే మాట్లాడుతుంటి" అంది.

"ఎవలూ వచ్చి చెప్పకున్ననా?"

"ఎవలెందుకు చెప్తరు? ఆటకు మనుషులు కావాలె గద."

తాతలు ముగ్గురూ ఏరడం ఆపేశారు. మా తాత వెనక్కి తిరిగి నన్ను చూపించాడు. "దీనికి లెక్కలు నేర్పిన, ఉర్దూ నేర్పిన బిడ్డా. కొట్లాడుడు నేర్పలే. నాకు తోడుంటదని ఇంట్లనే పెట్టుకున్న. జర నువ్వు నేర్పు" అన్నాడు. ఇన్నేళ్ల బడికి అసలు కారణం ఆయన నోటి నుంచి వినడం నాకు అదే మొదలు. నాకు అప్పుడు ఆయాసమే గుర్తొచ్చింది, తోడు సంగతి అర్థం కావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. బొంగరం మాత్రం ఆలోచించి, ఒక షరతు మీద ఒప్పుకుంది. "నేర్పుత గని, మీరు బళ్లెకు రావద్దు."

వాళ్లమ్మ చాయ్ పెట్టి ఇచ్చేదాకా కదలనివ్వలేదు. తిరిగి వచ్చేటప్పటికి చీకటి పడింది. మా సందు మలుపులో దుకాణం తాత ఆగి, "రాయుంది, చూసి నడువు" అన్నాడు. అలవాటు ప్రకారం ఆ మాట షేర్వాణీ తాతకు అందించబోయాను. మా తాత నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కొంచెంసేపటికి చీకట్లోంచి షేర్వాణీ తాత గొంతు, "చూసిన్లే" అంది. ఆ రోజుతో నా ఉద్యోగం పోయింది.

మర్నాడు బొంగరం చెప్పినట్టే తనే వచ్చి మాట్లాడింది. గీత తొక్కితే చూసీ చూడనట్టు ఎప్పుడు ఉండాలో, ఎప్పుడు అరవాలో, మొదటి పాఠం ఆ సాయంత్రమే చెప్పింది. ఆ పాఠంలో పడి పొద్దు గూకేదాకా ఇంటి ధ్యాసే లేదు. మట్టికొట్టుకుని వచ్చేసరికి తాత అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన ఇత్తడి పళ్లెం, గరిటె. నన్ను చూసి ముఖం ముడుచుకుని, నెమ్మదిగా చిటికెన వేలు చాపాడు. నేను దగ్గరికి పోయి, బొంగరం నేర్పినట్టు చూపుడు వేలూ మధ్య వేలూ జోడించి ముందుకు చాపాను, అది దోస్తీ గుర్తు. "రేపటిదాక ఆగొద్దా?" అని అడిగాడు. ఆగొద్దన్నాను. తన రెండు వేళ్లు నా వేళ్లకు తాకించాడు. పళ్లెం లోపల పెట్టి రమ్మన్నాడు. మళ్లీ దాని మీద గంట కొట్టలేదు, అమ్మ అందులో బియ్యం ఏరుకునేది.

మా మేనకోడలికి చివరికి ఫోన్ చేశాను. చదువు ఎక్కడైనా చెప్పుకో, సాయంత్రం మాత్రం పిల్లాణ్ని ఆటకు వదులు, కొట్లాడి వస్తే నువ్వు వెంట పోకు అన్నాను. ఇంతేనా అంది. ఇంతే, దీనికే మా అరుగు మీది ముగ్గురు పెద్దలు పొగాకు ఏరాల్సి వచ్చింది అంటే దానికి అర్థం కాలేదు. నేను మాత్రం పూర్తిగా బాగుపడలేదు. ఇప్పటికీ చిన్నపిల్లలను మీరు అంటాను, వాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. బొంగరం కామారెడ్డిలో ఉంటుంది. మేం ఇప్పటికీ కొట్లాడుకుంటాం, మర్నాడు పొద్దున ఎవరో ఒకరం ఫోన్ చేస్తాం. నేను ఎత్తగానే హలో అనదు. "మోకాండ్ల నొప్పులు తగ్గినయా అమ్మా?" అంటుంది. ఇన్నేళ్లు అది వేళాకోళం. ఈమధ్య నాకు నొప్పులు నిజంగానే వచ్చాయి. "నిన్నటికన్న నయం" అంటాను, అచ్చం అరుగు మీది తాతల గొంతుతో. అవతల అది నవ్వి, తన మోకాలి సంగతి మొదలుపెడుతుంది.