పాయింట్ పెట్టని రోజు

మా ఇంట్లో కొబ్బరి పచ్చడికి కరువు లేదు. ముప్పై ఏళ్లుగా లేదు. బోరు వేయడానికి పాయింట్ గుర్తుగా ఎక్కడ రాయి పెడితే అక్కడ రైతు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతాడు. అందులో ఒక చిప్ప పాయింట్ చూసిన మనిషిది. ఆ మనిషిని నేను. సాయంత్రం సంచి దించగానే మా ఆవిడ అంటుంది: "ఇయ్యాల గూడ చిప్పేనా? వాళ్లకు నీళ్లు పడ్డయో లేదో గని, మనకు పచ్చడైతె తప్పుతలేదు." నవ్వుతూనే అంటుంది. ఈ మధ్య నాకే నవ్వు రావడం లేదు.

నా దగ్గరున్న మిషన్ భూమిలోకి తొంగిచూడదు. అది కెమెరా కాదు మహాప్రభో అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. నాలుగు ఇనుప ఊచలు వరసగా దిగ్గొడతాం. బయటి రెండింటి గుండా కరెంటు పంపుతాం, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ ఎంతుందో చూస్తాం. బయటి ఊచలను దూరం జరిపేకొద్దీ కరెంటు ఇంకా లోతుకు దిగుతుంది. తడి మొరంలో, నీళ్లున్న రాతి పగుళ్లలో అది సులువుగా పోతుంది. గట్టి బండ తగిలితే మొండికేస్తుంది. ఆ మొండితనాన్ని కాగితం మీద చుక్కలుగా పెట్టి గీత గీస్తాను. గీత పైపైకే పోతే కింద బండ ఉన్నట్టు. మధ్యలో ఎక్కడైనా కుంగితే కాస్త ఆశ. అంతే నా విద్య. దీనికోసం ఎండల్లో వైరు చుట్టలు మోసి మోకాళ్లు అరిగాయి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాడికి వైర్లు లేవు, మోకాళ్ల నొప్పి లేదు, అనుమానమూ లేదు. వాడికే గిరాకీ.

మొన్న ఎండాకాలం తొర్రూరు వైపు ఒక ఊరికి పోయాను. ఫోన్ చేసి పిలిచింది ఒక ఆడమనిషి. నా ఈడుదే ఉంటుంది. భర్త లేడు. రెండెకరాల చెలక, వానను నమ్ముకున్న పత్తి. పక్క చేలవాళ్లలా మిర్చి పెట్టాలంటే నీళ్లు కావాలి. ఆమె తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు. నేను బండి స్టాండు వేయకముందే అందుకున్నాడు.

"పాయింట్ జర మంచిగ పెట్టాలె సార్. రేపు పొద్దుగాల బేరగాడు వస్తాండు. అక్క బర్లు రెండు అమ్ముతాంది. ఎల్లుండికి బోరు బండి చెప్పినం."

"ఇప్పుడు ఇల్లు దేనిమీద నడుస్తాంది?" అని ఆమెను అడిగాను.

"గా బర్ల పాల మీదనే సారూ" అందామె.

"నీళ్లు పడితె బర్లు మల్ల రావా?" అన్నాడు తమ్ముడు.

అప్పటికే నా చూపు చేను ఈశాన్యం మూల మీద పడింది. అక్కడ పాత బోరు కేసింగ్ పైపు, దాని మూతికి అడ్డంగా ఒక బండరాయి. ఆ చేను నాకు తెలుసు. పదకొండేళ్ల కింద అక్కడ పాయింట్ పెట్టింది నేనే.

ఆ రోజు కూడా గీత నిచ్చెన వేసినట్టు పైకే పోయింది. నీళ్లు లేవని నాకు తెలుసు. కానీ మొగుడూ పెళ్లాలిద్దరూ పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. గాలికి కర్పూరం ఆరిపోకుండా ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది. మా పనిలో ఒక పాడు ఆనవాయితీ ఉంది. పిలిచిన చేనికి పోయి పాయింట్ పెట్టకుండా ఎవరూ తిరిగిరారు. రాయి ఎత్తాను, దించాను. మళ్లీ ఎత్తాను. చివరికి, ఎక్కడేసినా బండే కదా, కనీసం వాస్తుకైనా సంతోషిస్తారని ఈశాన్యం మూలన పెట్టి వచ్చాను. మొహమాటానికి పోతే కడుపైందని ఊరికే అనలేదు పెద్దలు. నాకేమీ కాలేదు, అయింది వాళ్లకు. దుబ్బ తప్ప చుక్క రాలేదని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి ఆ ఊరి దారి పట్టలేదు. ఫోన్లో ఊరి పేరు విన్నప్పుడు కూడా, అంత పెద్ద ఊళ్లో అదే చేనికి పిలుస్తారా అనుకున్నాను.

ఆమె నన్ను గుర్తుపట్టినట్టు లేదు. అమ్మయ్య అనుకున్నాను. థూ, ఏం బతుకు!

పని మొదలుపెట్టాం. నేల ఎండి పెంకులా ఉంది, ఊచలకు పట్టు దొరకడం లేదు. అలాంటప్పుడు ఊచ మొదట్లో ఉప్పునీళ్లు పోస్తాం, కరెంటు మట్టిలోకి దిగడానికి. ఆమె బిందెతో తెచ్చి తానే పోసింది. తమ్ముడు వైరు లాగాడు. మూడు చోట్ల చూశాం, పొద్దు నడినెత్తికి వచ్చింది. మూడు గీతలూ పైకే పోయాయి. మూడోదానిలో ఒక చుక్క మాత్రం కిందికి దిగింది. భుజం మీది నుంచి చూస్తున్న తమ్ముడు ఎగిరి గంతేశాడు.

"కుంగింది కద సార్! గిక్కడనే పెట్టు!"

ఊచ వదులైందేమోనని మళ్లీ బిగించి కొట్టి చూశాను. చుక్క పైకి పోయి మిగతావాటితో కలిసింది.

వేపచెట్టు నీడలో పళ్లెం సిద్ధంగా ఉంది. పసుపు, కుంకుమ, కర్పూరం, పీచు తీసిన కొబ్బరికాయ. పక్కన కడిగిన రాయి.

"ఏదో ఒక్కటి పెట్టు సార్" అన్నాడు తమ్ముడు. "ఇంత దూరం వచ్చి ఉత్తగ పోతవా?"

ఆ "ఏదో ఒక్కటి" అన్న మాటే నా జన్మంతా తినేసింది. వంగి రాయి ఎత్తాను. ఒళ్లంతా అలసట. పెట్టేస్తే అయిపోతుంది, ఇంటికి పోయి పడుకోవచ్చు అనిపించింది. అబద్ధమెందుకు, నిజంగానే అనిపించింది. రాయి దించి, మళ్లీ ఎత్తాను.

"గప్పుడు గూడ గిట్లనే లేపుకుంట దించుకుంట చేసినవ్ సారూ" అందామె.

చేతిలో రాయి అలాగే ఉండిపోయింది. "గుర్తున్ననా అక్కా?"

"ఎందుకు లేవు? నెంబరు దొరకబట్టి నిన్నే పిలిపిచ్చుకున్న."

"నా పాయింట్ల దుబ్బ లేచింది కద. మల్ల నన్నెందుకు పిలిచినవ్?"

"నీ వెనుక ఇంక ఇద్దరచ్చిండ్రు. ఒక్కడు గూడ ఆగలె. వచ్చుడు, పెట్టుడు, పోవుడు. గా పాయింట్ల బోరు ఎయ్యలె. నువ్వొక్కనివే రాయి పట్టుకోని ఆగినవ్. నీకు ఎరుకైంది గని నోరు రాలె. ఈసారన్న నోరు తెరిచి చెప్తవేమోనని పిలిచిన."

రాయి పక్కన పెట్టాను. "లేదక్కా. ఈ చేన్ల నీళ్లు లేవు. ఎక్కడేసినా బండే. బర్లు అమ్మకు."

తమ్ముడికి కోపమొచ్చింది. మిషన్ ఖరాబైందన్నాడు, ఇంకో సారును తెస్తానన్నాడు. ఆమె అతని వైపు చూడనే లేదు. "బేరగానికి ఫోన్ చెయ్యి, రావద్దని చెప్పు" అంది. అతను గట్టు మీదికి పోయి గొణుక్కుంటూ ఫోన్ కలిపాడు.

నేను వైర్లు చుట్టుకుంటున్నాను. ఆమె పాత బోరు వైపు చూస్తూ కూర్చుంది.

"గీ ముచ్చట గప్పుడే చెప్తే నా ఎడ్లు నాకుంటుండె సారూ" అంది. గొంతులో కోపం లేదు. "ఎడ్లమ్మి ఏసినం గా బోరు. ఎడ్లు పోయినంక మా ఆయనకు చేన్లకు వచ్చుడే చాతకాలె."

ఎడ్ల సంగతి నాకప్పటిదాకా తెలియదు. తిట్టినా బాగుండేది. తప్పైందక్కా అన్నాను. ఆ మాట నా చెవులకే తేలిగ్గా వినిపించింది. ఆమె లేచి, పళ్లెం పక్కనున్న గిన్నె మూత తీసి, స్టీలు గ్లాసులో చల్ల పోసి నా చేతికిచ్చింది.

"తాగు, ఎండల వచ్చినవ్. గా బర్లదే."

ఉప్పు ఎక్కువైంది. గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం పోయమని అడిగాను.