అద్దాలక్క నీలం కార్డు

కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో, అద్దాల అంచులు అరగదీసే యంత్రం ముందు ఆమె పదహారేళ్లుగా కూర్చుంటోంది. బజారంతా ఆమెను అద్దాలక్క అంటారు. నలభై దాటింది. దుకాణానికి వచ్చేవాళ్ల ముఖాలు అంతగా గుర్తుండవు కానీ, ఎవరి కంటికి ఎంత పవరో అడిగితే టక్కున చెప్పేస్తుంది.

రేవు దగ్గర్లోనే ఉండటంతో, సముద్రంలో డైవింగ్ చేసేవాళ్లు తమ మాస్కులకు పవర్ అద్దాలు బిగించమని తెచ్చేవారు. రేవు దగ్గర డైవింగ్ నేర్పే పెద్దాయన ఒకరు అలాగే మాస్కు చేయించుకుని వెళ్లి, వారం తర్వాత పనిగట్టుకుని మళ్లీ వచ్చాడు.

"మూడేళ్లుగా చేపలన్నీ రంగు మచ్చల్లా కనిపించేవమ్మా. ఇప్పుడు వాటి పళ్లు కూడా కనిపిస్తున్నాయి. నీ పుణ్యమే."

ఆ మాట ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఇన్నేళ్లు ఊళ్లో వాళ్లందరికీ చూపు అమర్చి పెట్టింది. తను మాత్రం ఈ గది గోడలు తప్ప ఏం చూసింది? ఆ రోజు అన్నం తింటూ భర్తతో చెప్పింది, డైవింగ్ నేర్చుకుంటానని.

"షవర్ కింద తల పెట్టాలంటేనే పది నిమిషాలు ఆలోచిస్తావు, నువ్వా?" అని ఆయన నవ్వాడు. నవ్వాడే గానీ వద్దనలేదు.

డైవింగ్ వచ్చినట్టు కార్డు ఇచ్చే సంస్థలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఆ రేవులో ఉన్నవి రెండు: ఒకటి నీలం కార్డు ఇస్తుంది, ఇంకోటి పసుపు కార్డు. అద్దాలక్కది వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోని చెయ్యి. రెండింటి కరపత్రాలూ తెచ్చి, ఒక నోటుబుక్కు కొని, ఎడమ పేజీలో నీలం, కుడి పేజీలో పసుపు రాసుకుంది. మాస్కు తెచ్చిన ప్రతివాణ్ణీ అడిగింది. ఎవరి కార్డు వాళ్లకే గొప్ప. నోటుబుక్కు నిండింది గానీ ఏమీ తేలలేదు.

పసుపు కార్డు ఆ పెద్దాయనది. ఆరు వారాలు పడుతుందన్నాడు. ముందు ఈత చూస్తానన్నాడు, ఆరోగ్య ప్రశ్నల్లో ఒక్కదానికి 'అవును' అని వచ్చినా డాక్టరు సంతకం తేవాలన్నాడు. "నీళ్ల అడుగున మాస్కు తీసి, మళ్లీ పెట్టుకుని, లోపలి నీళ్లు ముక్కుతో ఊది బయటికి పంపాలి. అది వచ్చేదాకా నా దగ్గర సముద్రం మాట ఎత్తకు."

నీలం కార్డు ఇచ్చేచోట నేర్పేది ఆమె పిన్ని కూతురు. చిన్నప్పుడు ఎప్పుడూ నీళ్లలోనే ఉండేది కాబట్టి ఇంట్లో అందరూ చేపపిల్ల అంటారు. అద్దాలక్కకు సొంత చెల్లెళ్లు లేరు. ఆ లోటు తెలియకుండా పెరిగింది ఈ పిల్లతోనే. రెండేళ్ల కిందట ముక్కు లోపల ఆపరేషన్ జరిగినప్పుడు, ఆసుపత్రిలో మంచం పక్క స్టూలు మీద మూడు రోజులు కూర్చున్నది భర్త కాదు, చేపపిల్లే.

నోటుబుక్కు చూసి చేపపిల్ల పకపకా నవ్వింది.

"ఏంటక్కా ఇది, పెళ్లి సంబంధం చూస్తున్నట్టు! ఏ కార్డైనా ఒకటే. ఆ ముసలాయన దగ్గర ఆరు వారాలు నానడం దేనికి? నా దగ్గరికి రా, రెండు వారాంతాల్లో అయిపోతుంది. నీకు నేనుండగా ఇంకెవరో ఎందుకు?"

ఆ చివరి మాటతో అద్దాలక్క నోటుబుక్కు మూసేసింది.

ఆరోగ్య ప్రశ్నల కాగితం నింపేటప్పుడు ఆమె కలం ఆగింది. "ముక్కు ఆపరేషన్ అయింది కదే, అవునని పెట్టనా?"

"పెట్టకక్కా. పెడితే డాక్టరు, సంతకం, ఇంకో వారం పోతుంది. నీ సంగతి నాకు తెలియదా?"

'కాదు' అని పెట్టి సంతకం చేసింది.

ఈత కొలనులో నేర్పినవన్నీ బాగానే వచ్చాయి, మాస్కు ఒక్కటి తప్ప. అది తీయగానే నీళ్లు కళ్లలోకి కొట్టేవి, ఊపిరి అందనట్టయి పైకి లేచిపోయేది. నాలుగోసారి కూడా అంతే. చేపపిల్ల, వచ్చినవి గుర్తు పెట్టుకునే పలక తీసి మాస్కు ఎదురుగా టిక్కు పెట్టేసింది.

"రాలేదు కదే!"

"సముద్రంలో మాస్కెవరు తీయమంటారు నిన్ను? వచ్చేస్తుందిలే."

నెలాఖరుకు కార్డు వచ్చింది. దుకాణంలో అందరికీ చూపించుకుంది. భర్త దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఫొటోలో ధైర్యంగానే ఉన్నావు" అన్నాడు.

మరుసటి నెల వేరే వాళ్ల పడవలో, ఆ కార్డుతోనే, ఇంకో నలుగురితో కలిసి దిగింది. పన్నెండు మీటర్ల లోతున ముందు వెళ్తున్నవాడు కాలికి తొడుక్కున్న రబ్బరు రెక్క తగిలి ఆమె మాస్కు పక్కకు జరిగింది. లోపల నీళ్లు నిండిపోయాయి. ఏం చెయ్యాలో తెలుసు, చెయ్యడం రాదు. కాళ్లు కొట్టుకుంటూ ఒక్కసారిగా పైకి పోబోయింది. దారి చూపిస్తున్న అమ్మాయి చటుక్కున ఆమె భుజం పట్టుకుని, నోట్లోని గాలి గొట్టం జారకుండా అదిమి, మెల్లగా పైకి తెచ్చింది. పడవ ఎక్కేసరికి ముక్కు నుంచి రక్తం. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది.

నియమం ప్రకారం ఆ అమ్మాయి జరిగింది జరిగినట్టు నీలం కార్డు సంస్థకు రాసింది. మూడు వారాలకు సంస్థ నుంచి అద్దాలక్కకు ఉత్తరం వచ్చింది. మీ శిక్షకురాలు ఇచ్చిన జవాబు జతపరుస్తున్నాం, దీనిపై మీరేమంటారని.

యంత్రం ఆపి, నిలబడే చదివింది. "విద్యార్థిని మాస్కు తీసి పెట్టుకోవడం నా ముందు మూడుసార్లు సరిగ్గా చేసి చూపింది. తనకు ముక్కు ఆపరేషన్ జరిగిన సంగతి నా దగ్గర దాచిపెట్టి, ఆరోగ్య పత్రంలో అబద్ధం రాసింది." కింద చేపపిల్ల సంతకం.

దాచిపెట్టిందట! ఆపరేషన్ అయ్యాక పక్కమీద తన నోరు ఎండిపోతుంటే దూది తడిపి పెదాలకు అద్దిన చెయ్యే ఈ మాట రాసింది. అద్దాలక్క ఆ వాక్యాన్ని వేలితో తడుముతూ మళ్లీ మళ్లీ చదివింది. చేపపిల్లకు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

సాయంత్రం పిన్ని వచ్చింది, చూసిపోదామని. ఆవిడకు ఉత్తరం సంగతి తెలియదు. మాటల్లో మురిపెంగా అంది: "నువ్వు చేరడం దానికి ఎంత కలిసొచ్చిందో! పైహోదా రావాలంటే ఇంతమందికి నేర్పాలని లెక్కట, నెలాఖరులోగా ఇంకొక్కరు తక్కువయ్యారట. నీతో సరిపోయింది."

'నీకు నేనుండగా' అన్న మాటకు అసలు అర్థం అదన్నమాట. తను అక్క కాదు, లెక్కలో తక్కువైన ఆ ఒక్కరు.

జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఆపరేషన్ సంగతి తెలిసీ 'కాదు' అని పెట్టింది తనే అనీ, ఆ తప్పు తనదే అనీ ముందు రాసింది. తర్వాత ఆపరేషన్ అప్పుడు చేపపిల్ల ఆసుపత్రిలో కూర్చున్న సంగతి, కొలను సంగతి, టిక్కు సంగతి రాసింది. భర్త చదివి, "నీ తప్పు ముందెందుకు పెట్టావు?" అన్నాడు. "వెనక పెడితే నేనూ దానిలాగే రాసినట్టవుతుంది" అంది.

సంస్థ ఆమె కార్డు రద్దు చేసింది. చేపపిల్లను ఆరు నెలలు నేర్పకుండా ఆపేసింది. పిన్ని ఇంటికి రావడం మానేసింది.

చేపపిల్ల ఒక్కసారి మాత్రం దుకాణానికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "నువ్వు ఆ ఉత్తరం రాయకుండా ఉండాల్సిందక్కా" అంది.

"ముందు రాసింది నువ్వు."

"అలా రాయకపోతే నా ఉద్యోగం పోయేది."

"నాకు ప్రాణం పోయేదే! అదైనా క్షమించేదాన్ని. నా మంచం పక్కన కూర్చున్నదానివి, దాచానని ఎలా రాశావు?"

చేపపిల్ల కిటికీలోని కళ్లజోళ్ల వైపు ఒకసారి చూసి, గుమ్మం దిగి వెళ్లిపోయింది. క్షమించమని అడిగితే ఏమనాలో అద్దాలక్క లోపల సిద్ధం చేసుకునే ఉంది. అడగలేదు.

రెండు సంస్థల నియమాల పుస్తకాలూ తెచ్చుకుని చదివితే, మాస్కు గురించి రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే ఉంది. నీలంలో కూడా రానిదే టిక్కు పెట్టకూడదు. ఆమె నోటుబుక్కులో కార్డుల రంగులు రాసుకుంది గానీ, నేర్పే మనిషి గురించి ఒక్క ప్రశ్న కూడా రాసుకోలేదు. రాసుకోవాలని తోచలేదు, సొంత మనిషి కదా.

ముక్కు డాక్టరు పరీక్షలు చేసి సరేనని సంతకం పెట్టాక, పెద్దాయన దగ్గరికి వెళ్లింది. ఆయన పాత సంగతులేమీ అడగలేదు. కొలనులో మాస్కు ఆమెకు పద్నాలుగోసారికి వచ్చింది. పదమూడు సార్లూ ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఒక్కసారి కూడా పోనీలే అనలేదు.

సముద్రంలో ఆరు మీటర్ల అడుగున మోకాళ్ల మీద కూర్చుని మాస్కు తీసి, పెట్టుకుని, ఊది, కళ్లు తెరిస్తే ఎదురుగా పెద్దాయన చప్పట్లు కొడుతున్నాడు. నీళ్లలో ఆ చప్పుడు వినిపించలేదు. పడవ మీదికి రాగానే తడి చేతులతో ఫోన్ తీసి, అలవాటుగా చేపపిల్ల నంబరు దాకా వెళ్లింది. అక్కడ వేలు ఆగిపోయింది. తర్వాత భర్తకు చేసింది.

ఇది జరిగి రెండేళ్లు. చుట్టాల ఇళ్లలో తనూ చేపపిల్లా ఎదురుపడితే "బాగున్నావా" అంటే "బాగున్నాను" అనుకుంటారు. అద్దాలక్క నెలకోసారి సముద్రంలో దిగుతుంది, పెద్దాయనతోనో, ఆయన శిష్యులతోనో. ఎంత దగ్గరివాళ్లతో దిగినా, దిగేముందు తన సామాను తనే రెండుసార్లు చూసుకుంటుంది. చూశాంలే అక్కా అంటే నవ్వుతుంది గానీ, చూసుకోవడం మాత్రం మానదు.